ఐదో కుండీలో కొండ ఉల్లి

బుధవారం ఉదయం ఏడు గంటలకు ఐదో కుండీలో మొగ్గ కాడ పక్కకు పడిపోయి ఉంది.

ముందు రోజు సాయంత్రం అది నిలబడే ఉంది. ఆమె స్కేలు పెట్టి కొలిచింది. ఇరవై రెండు సెంటీమీటర్లు. మొగ్గను కప్పిన పొర ఒక పక్క చీలింది, చీలికలోంచి ఊదారంగు కనిపించింది. ఫోన్‌లో ఫొటో తీసి సర్వే మేడమ్‌కి పంపితే, గురువారం పదకొండింటికి వస్తానని జవాబు వచ్చింది. ఆరేళ్లలో ఆ కొండ ఉల్లి గడ్డలు మొగ్గ వెయ్యడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఆమె కాడ మొదలును రెండు వేళ్లతో నొక్కింది. వేళ్లు లోపలికి దిగాయి. నీరు అంటింది. కుళ్లిన ఉల్లి వాసన వచ్చింది.

మూడో వరసలో నీళ్లు పెడుతున్న ఆమె భర్త పైపు పట్టుకునే వచ్చాడు. పైపు కింద పడేసి, చూపుడు వేలు రెండో కణుపు దాకా కుండీలో గుచ్చాడు. తీసి చూస్తే వేలికి మట్టి అంటుకుని వచ్చింది.

"తడిగా ఉంది," అన్నాడు.

వరస చివర వేలాడుతున్న పలక వైపు చూశాడు. పలక మీద ఒక్క గీత కూడా లేదు.

"నేనే పోసుంటాను," అన్నాడు.

ఆమె తడి వేళ్లు చెంగుకు తుడుచుకుంది.

వాళ్ల నర్సరీలో పద్నాలుగు వరసలు. ఒక్కో వరస చివర ఒక పలక, దానికి దారంతో కట్టిన సుద్దముక్క. నీళ్లు పెట్టినవాళ్లు ఒక గీత గియ్యాలి. ఒకే వరసకు ఇద్దరు నీళ్లు పెట్టి మూడు వందల గులాబీ అంట్లు కుళ్లబెట్టిన ఏడాది ఆమె పెట్టిన పద్ధతి అది. ఆమె గీస్తుంది, వ్యాన్ నడిపే ఆమె తమ్ముడు గీస్తాడు. గియ్యనిది భర్త ఒక్కడే. ముప్పై ఏళ్లుగా పైపు పట్టిన మనిషి. నడుస్తూ ఉంటాడు, వేలు గుచ్చుతాడు, పొడిగా ఉంటే పోస్తాడు, ముందుకు పోతాడు. పోసినట్టు ఆయనకే గుర్తుండదు. అందుకని పలక మీద గీత లేకుండా మట్టి తడిగా ఉందంటే పోసింది ఎవరో అక్కడ అడగక్కర్లేదు.

తమ్ముడు ఆయన్ని పైపు బావ అంటాడు. ఓసారి పళ్ల డాక్టరు దగ్గర కూర్చుని ఉండగా ఆయన మూలనున్న మొక్కలో వేలు పెట్టి చూసి, చేతిలో ఉన్న సీసాలో నీళ్లన్నీ పోశాడు. అది ప్లాస్టిక్ మొక్క. నీళ్లు నేల మీదికి కారి, రోగులందరూ కాళ్లు పైకెత్తుకుని కూర్చున్నారు. ఆ కథ తమ్ముడు ఇప్పటికి యాభై సార్లు చెప్పి ఉంటాడు, బావ ఎదురుగానే.

కొండ ఉల్లి వాళ్ల దగ్గరికి వచ్చింది రాళ్ల కోసం వెళ్లినప్పుడు. కుండీల్లో వెయ్యడానికి కంకర కావలసి, ఆరేళ్ల కిందట ఆమె, తమ్ముడు వ్యాన్ వేసుకుని క్వారీకి వెళ్లారు. తూకం అయ్యేదాకా ఆమె వాలు ఎక్కి చూసింది. రాతి పగుళ్లలో ఎండిన కాడలు, చివర బంతిలా గుత్తులు, గుత్తుల్లో నల్లటి గింజలు. ఒకటి నలిపితే ఉల్లి వాసన వచ్చింది. మేకలు కూడా ముట్టవని మేస్త్రీ చెప్పాడు. ఆమె టీ తాగిన కాగితం కప్పులో గింజలు దులుపుకుంది. ఇంటికొచ్చి లెక్కపెడితే నూట నలభై. మరుసటి ఏడు మళ్లీ వెళ్లేసరికి ఆ వాలు లేదు. అక్కడ నలభై అడుగుల గొయ్యి ఉంది.

మొదట అరవై గింజలు మిగతా విత్తనాల్లాగే కొబ్బరి పొట్టులో వేసి, తడి ఆరకుండా చూసింది. ఒక్కటీ మొలవలేదు. చలి తగలందే వీటి గింజ లేవదని తర్వాత తెలిసింది. తడి ఇసుకలో కలిపి మూడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టాలట. నలభై గింజలు అలా పెట్టింది. తొమ్మిదో వారం అత్తగారు ఫ్రిజ్ కడిగి, కూరగాయల అరలో ఎవరో మట్టి పెట్టారని పారబోసింది. మిగిలిన నలభై మరుసటి ఏడు అత్తగారి చేతే ఫ్రిజ్‌లో పెట్టించి, కవరు మీద ఆవిడ చేతే తేదీ రాయించింది. ఆ తర్వాత ఆ కవరు జోలికి ఎవర్నీ పోనివ్వలేదు ఆవిడ. మంచినీళ్ల సీసా తీసుకునేవాళ్లను కూడా వెనకాల నిలబడి చూసేది.

ముప్పై ఒక్క మొలకలు వచ్చాయి. వెంట్రుకను మధ్యకు వంచినట్టు, కొనకు గింజ తొక్కు అంటుకుని. మొదటి ఏడు ఒక్కటే ఆకు ఉంటుంది, అది గడ్డిలాగే ఉంటుంది. తమ్ముడు ఒక ఆదివారం ఖాళీగా ఉన్నాడని కుండీల్లో గడ్డి పీకి, పన్నెండు మొలకలు పీకేశాడు. "గడ్డికి, దీనికి తేడా ఏంటో గడ్డికే తెలియాలి అక్కా," అన్నాడు. ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

పంతొమ్మిది మిగిలాయి. సగం మట్టి, సగం కంకర కలిపి, ఒక్కోదాన్ని ఒక్కో కుండీలో పెట్టింది. చలికాలమంతా ఆకులు ఉన్నాయి, ఎండ ముదరగానే పండి రాలిపోయాయి. ఇక అక్కణ్ణుంచి నాలుగు నెలలు గడ్డ నిద్ర. అప్పుడు నీళ్లు తగలకూడదు. నిద్రలో తడిస్తే కుళ్లుతుంది. మూడో ఏడాది ఆ నిద్రలోనే పద్నాలుగు గడ్డలు కుళ్లాయి. మట్టి తడిగా ఉంది. పలక మీద గీత లేదు. భర్త వేలు గుచ్చి చూసి, నేనే పోసుంటానన్నాడు.

ఆ రోజు ఆమె కేకలు వేసింది. కుండీ ఒకటి నేలకేసి కొట్టింది. తర్వాత ఐదు కుండీల మీద ప్లాస్టిక్ కవరు పందిరి వేసి, ముందు బోర్డు పెట్టింది. బోర్డు మీద ఆమె చేత్తో రాసింది: "ఆకు పండితే నీళ్లు వద్దు. ఎండిపోతున్నట్టు కనిపించినా వద్దు. ఎవరైనా సరే."

నాలుగో ఏడు ఆకులే. ఐదో ఏడూ ఆకులే. కాని ఐదో ఏడు సర్వే మేడమ్ వచ్చింది. మొక్కల సర్వే ఆఫీసులో పని చేస్తుంది. ఆఫీసు వరండాలోకి మొక్కలు కొనడానికి వచ్చి, పందిరి కింద వంగి ఆకు వాసన చూసింది. ఎక్కడిదని అడిగింది. క్వారీ కొండ అని చెబితే, ఆవిడ సంచీ కింద పెట్టేసి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ చుట్టుపక్కల కొండ ఉల్లి రెండు రకాలే ఉన్నట్టు రాసి ఉంది, ఈ ఆకు ఆ రెంటిలో దేనిదీ కాదంది. తర్వాత ఏడాది పాటు కొండ మిగిలిన వైపంతా తిరిగింది. ఒక్కటీ దొరకలేదు. ఇది వేరే రకమో కాదో చెప్పాలంటే విచ్చిన పువ్వు చూడాలి. పువ్వులో కేసరాలు రేకుల కంటే పొడుగో పొట్టో కొలవాలి. చూసి రాస్తే ఆఫీసు వేసే మొక్కల జాబితాలో పేరు పడుతుంది. లేకపోతే అలాంటి మొక్క ఆ కొండ మీద ఉండేదని ఎక్కడా రాసి ఉండదు. జాబితా ఈ నెల ముప్పైన ప్రెస్‌కి పోతుంది.

ఈ ఏడు ఐదో కుండీ ఒక్కటే మొగ్గ వేసింది. ఆమె రోజూ పొద్దున, సాయంత్రం కొలిచింది. భర్తను ఆ వరసకు రానివ్వలేదు. రెండో వరసకు నీళ్లు పెడుతూ ఆయన పైపు ఇటు తిప్పినా అక్కణ్ణుంచే అరిచేది.

కిందటి వారం మంగళవారం కాడ పంతొమ్మిది సెంటీమీటర్లు ఉంది. బుధవారం పంతొమ్మిది. గురువారం పంతొమ్మిది. ఆకులు కొసల నుంచి పండుతూ వచ్చి, శుక్రవారానికి సగం దాకా పసుపు తిరిగాయి. ఆకు ఎండుతూ ఉండగానే పువ్వు విచ్చుతుందని ఆమెకు తెలుసు. మేడమ్ చెప్పింది. తనే బోర్డు మీద రాసింది. భర్తకు లెక్కలేనన్ని సార్లు చెప్పింది. కాని మొగ్గ కదలడం లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పండుతున్న ఆకును చూస్తే ఆమె చేసిన పని ఒక్కటే.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి భర్త పద్నాలుగో వరసలో ఉన్నాడు. తమ్ముడు వ్యాన్ మీద వెళ్లాడు. అత్తగారు కౌంటరు వెనక నడుం వాల్చింది. ఆమె తొట్టిలోంచి ఒక మగ్గు నీళ్లు తెచ్చి ఐదో కుండీలో పోసింది. కంకరలోకి నీళ్లు దిగిన చప్పుడు వినిపించింది. పలక దగ్గరికి వెళ్లి సుద్దముక్క పట్టుకుంది. ఆ పలక మీద మూడు వారాలుగా గీత లేదు. ఒక్క గీత గీసినా గేటు దగ్గర్నుంచి కనిపిస్తుంది. సుద్దముక్క వదిలేసింది.

శనివారం కాడ ఇరవై సెంటీమీటర్లు. ఆదివారం మూడింటికి ఇంకో మగ్గు పోసింది. సోమవారం ఇరవై ఒకటి. మంగళవారం ఇరవై రెండు, పొర చీలింది. తను చేసింది మంచి పనేనని మంగళవారం రాత్రి అనుకుంటూ పడుకుంది.

బుధవారం ఆమె కాడను మెత్తబడిన చోటుకి పైన కోసి గ్లాసు నీళ్లలో నిలబెట్టింది. కోసిన ఉల్లి కాడ నీళ్లలో విచ్చుతుంది, ఒక్కోసారి. గ్లాసు కౌంటరు మీద పెడితే వచ్చేపోయే వాళ్లందరికీ కథ చెప్పాల్సి వచ్చింది. చెప్పింది అత్తగారు.

"మా వాడే," అందావిడ ప్రతి ఒక్కరితో. "చిన్నప్పుడు చాప మీద పూల బొమ్మలుంటే వాటికి కూడా చెంబుతో నీళ్లు పోశాడు. చాప ఆరడానికి మూడు రోజులు పట్టింది."

మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ్ముడు అందుకున్నాడు. చేతులకి బాక్సింగ్ గ్లవుజులు కొనిపెడతానని, వేలు లేకపోతే గుచ్చడం ఉండదని అన్నాడు. భర్త నవ్వలేదు. కంచంలోకి చూస్తూ తిన్నాడు. ఎప్పుడు పోశానో గుర్తు తెచ్చుకోడానికి చూస్తున్నానని, శనివారం పొద్దున అటు వెళ్లినట్టు లీలగా ఉందని అన్నాడు. ఆమె పప్పు గిన్నె ఆయన వైపు జరిపింది. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ అత్తగారు ఏదో అంది.

చెయ్యి కడుక్కుంటూ ఆయన అన్నాడు. "మేడమ్‌కి రేపు నేనే చెప్తాలే. నువ్వు ముందుకు రాకు. ఆరేళ్ల కష్టం, నీకు మాట రాదు."

గురువారం ఉదయానికి గ్లాసులోని మొగ్గ విచ్చలేదు. మెత్తదనం కోసిన చోటు దాటి పైకి పాకింది. పొర లోపల ఊదారంగు గోధుమ రంగుకు తిరిగింది.

మేడమ్ పదకొండు ఇరవైకి వచ్చింది. భర్త గేటు దాకా ఎదురు వెళ్లాడు. దారిలోనే చెప్పేశాడు. చెయ్యి ఊరుకోదని, తప్పు తనదేనని. మేడమ్ నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చి, గ్లాసులోంచి మొగ్గ తీసి, తెల్ల కాగితం మీద పెట్టి, బ్లేడుతో చీల్చింది. భూతద్దం కంటికి పెట్టుకుని పది నిమిషాలు చూసింది. లోపల ముప్పై పైచిలుకు చిన్న మొగ్గలు. వాటిలో నాలుగింటిని సూదితో విప్పింది.

"కేసరాలు అడుగునే ఉన్నాయి. పువ్వు విచ్చాక సాగుతాయి ఇవి. ఎంత సాగేవో దీన్ని చూసి చెప్పలేను."

మిగతా నాలుగు కుండీలు కూడా చూసింది. మొగ్గ లేదు. ఈ జాబితాలో వీలు కాదంది. ఆకు మాత్రమే చూసిన మొక్కను ఎక్కించడానికి పై వాళ్లు ఒప్పుకోరు. తర్వాతి జాబితా ఎప్పుడు వేస్తారో ఆవిడకీ తెలియదు. ఐదో కుండీ బోర్లించి చూశారు. గడ్డ చేతిలో నలిగిపోయింది. పిల్ల గడ్డలేమైనా ఉన్నాయా అని మేడమ్ కంకరంతా వేళ్లతో వెతికింది. లేవు.

తర్వాత సంచీలోంచి ఫారం తీసింది. పోయిన మొక్క ఎలా పోయిందో రాయాలి.

"నీళ్లు ఎప్పుడు పోశారు?"

"గుర్తు లేదు మేడమ్," అన్నాడు భర్త.

"ఎంత పోసుంటారు?"

"చెప్పలేను. శనివారం అనుకుంటా. మామూలుగా పోసేంతే."

మేడమ్ పెన్ను ఆపింది. ఏ రోజు, ఎంత, అప్పటికి ఆకు ఎంత పండింది అన్నవి తెలిస్తే తర్వాత పెంచేవాళ్లకి పనికొచ్చేదని, తెలియకపోతే చేసేదేం లేదని అంది. పైకి చదువుతూ రాసింది. "పెంపకందారు భర్త పొరపాటు. తేదీ తెలియదు."

"శుక్రవారం రెండింటికి ఒక మగ్గు," అంది ఆమె. "ఆదివారం మూడింటికి ఇంకో మగ్గు. పోసింది నేను."

భర్త ఆమె వైపు తిరిగాడు.

మేడమ్ రాసింది కొట్టేసింది. "ఆకు?"

"శుక్రవారం సగం పండింది. ఆదివారానికి ముప్పావు."

"కాడ?"

"పంతొమ్మిది. తర్వాత ఇరవై."

"లీటరు మగ్గేనా?"

"లీటరు మగ్గే."

మేడమ్ అన్నీ రాసుకుంది. సగం ఆకు పండాక నీళ్లు పొయ్యొద్దని అందరూ చెప్పేదే గాని, పోస్తే ఎన్నో రోజుకు పోతుందో ఇన్నాళ్లూ ఎవరూ రాసి ఇవ్వలేదని అంది. ఇది పనికొస్తుందంది. ఆమె తల ఊపింది. మేడమ్ వెళ్తూ మిగతా నాలుగింటినీ కదపవద్దని చెప్పి, గేటు దగ్గర మళ్లీ ఆగి ఇంకోసారి చెప్పింది.

భర్త పందిరి దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి వచ్చేదాకా కదల్లేదు.

"మూడో ఏడు పద్నాలుగు పోయాయి. అప్పుడూ నువ్వేనా?"

"కాదు. అప్పుడు నేను ముట్టుకోలేదు."

"అయితే నేనేనా?"

"తెలీదు. ఆ వారం రెండు రోజులు వాన పడింది. అప్పటికి పైన కవరు లేదు."

"ఆ వాన సంగతి అప్పుడెందుకు అనలేదు?"

"మీరు నేనే పోసుంటానన్నారు కదా."

"అన్నాను. నీ మొహం చూసి అన్నాను." ఆయన గొంతు పెంచలేదు. "మూడేళ్లుగా ఈ వరస పక్కనుంచి పోవాలంటే చేతులు వెనక్కి కట్టుకుని పోతున్నాను. నిజంగా. మీ తమ్ముడు చూసి, బావ స్కూల్ ఇన్‌స్పెక్టర్‌లా నడుస్తున్నాడన్నాడు. నవ్వుకోనీలే అనుకున్నాను. నిన్న రాత్రంతా శనివారం ఏం చేశానా అని ఆలోచిస్తూ పడుకున్నాను."

"నాకు తెలుసు. మీరు అటూ ఇటూ దొర్లడం విన్నాను."

"విన్నావు."

"విన్నాను. చెప్పలేకపోయాను."

ఆయన కాసేపు బోర్లించిన కుండీ వైపు చూశాడు. కంకర కాలితో ఒక పక్కకు నెట్టాడు.

"అమ్మకి నువ్వే చెప్పు. మీ తమ్ముడికీ నువ్వే చెప్పు. నేను చెప్పను."

మేడమ్‌ని చూసి వదిలేసిన పైపు తీసుకోకుండా షెడ్డు వైపు వెళ్లిపోయాడు. పైపులోంచి నీళ్లు మూడో వరస దారి మీద పోతూనే ఉన్నాయి. ఆమె వెళ్లి కుళాయి కట్టేసింది.

కౌంటరు దగ్గర అత్తగారు బంతి విత్తనాలు పొట్లాలు కడుతోంది. ఆమె ఎదురుగా నిలబడింది.

"నీళ్లు పోసింది నేను అత్తయ్యా. ఆయన కాదు."

అత్తగారు చేతిలో పొట్లానికి దారం చుట్టి, ముడి వేసి, పళ్లతో తెంపింది.

"నిన్నట్నుంచి నేను వాణ్ణి నానా మాటలూ అంటుంటే నువ్వు ఇక్కడే ఉన్నావు."

"ఉన్నాను."

"వాడూ కాదనలేదు."

"ఆయనకి తెలీదు అత్తయ్యా. తనే పోశాననుకున్నారు."

"తన చేత్తో తను పోశాడో లేదో తెలీకపోవడం ఏంటి?" అంది అత్తగారు. "అదీ వాడి తప్పే."

కౌంటరు మీద ఇంకా తెల్ల కాగితం, దాని మీద చీల్చిన మొగ్గ ఉన్నాయి. అత్తగారు కాగితాన్ని అలాగే మడిచి ఆమె చేతిలో పెట్టింది. మిగతా నాలుగూ ఎలా ఉన్నాయని అడిగింది. ఆకులు పండుతున్నాయని ఆమె చెప్పింది.

"అటు చూడకు," అంది అత్తగారు. "ఈ నాలుగు నెలలూ ఇటు తిరిగి కూర్చో."

రోడ్డు మీద వ్యాన్ హారన్ వినిపించింది. తమ్ముడు గేటు తియ్యమని కొట్టే హారన్ అది, రెండుసార్లు. ఆమె కాగితం చేత్తో పట్టుకునే గేటు తియ్యడానికి వెళ్లింది.